దిష్టిబొమ్మ చేతికి తుపాకీ: కెనడా షికారు ఓడల కథ

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం మిత్రుల సమావేశంలో విశ్రాంత మెరైన్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి. ఎత్తారంటే వినిపించినట్టే లెండి.

ముందు ఒక ప్రశ్న. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ లోపలికి వెళ్ళనివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఒక్కరూ లేరు. ఉండరు. చుట్టాలొస్తే మనం తీసుకెళ్ళే మొదటి చోటు అదే కదా. దాని పొడవు 91 మీటర్లు. ఆ గుండ్రటి తలుపుల్లోంచి తల వంచి దూరుతున్నప్పుడు మీకేమనిపించిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తెచ్చుకున్నారా? ఇప్పుడు అలాంటిదాన్ని వేటాడమని మీకొక ఓడ ఇచ్చారనుకోండి. ఆ ఓడ పొడవు కురుసురలో సగం. పదేళ్ళ కిందట ఎవరో కోటీశ్వరుడు వేసవిలో స్నేహితులతో షికారు తిరగడానికి కట్టించుకున్నది. రేకు పల్చన. ముందు ఒక పాత ఫిరంగి, వెనక కొన్ని డెప్త్ ఛార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు. వెళ్ళి సబ్‌మెరీన్‌ని ఆపండి అన్నారు. వెళ్తారా?

వెళ్ళారండి. ఇవాళ వాళ్ళ గురించే మాట్లాడతాను. ఊరు మనది కాదు, సముద్రం మనది కాదు. కెనడా కథ. నేను ఇంజన్ రూమ్ మనిషిని, చరిత్రకారుణ్ణి కాదు. కాకపోతే ఓడలో ఏది ఎక్కడ బరువు పెడితే ఏమవుతుందో నాకు కొంచెం తెలుసు. ఈ కథ నన్ను పట్టుకున్నది కూడా అక్కడే.

యాట్ అంటే తెలుసు కదా. డబ్బున్నవాళ్ళ షికారు ఓడ. చిన్న తెరచాప పడవనీ యాట్ అంటారు, నూట యాభై, రెండు వందల అడుగుల ఆవిరి ఓడనీ యాట్ అంటారు. నేను చెప్పేది రెండో రకం. అమెరికాలో 1900 నుంచి 1930 దాకా పెద్ద పెద్ద వ్యాపారస్తులు వీటిని పోటీలు పడి కట్టించుకున్నారు. లోపల మహాగని చెక్క పని, తివాచీలు, అతిథులకి వేరే గదులు. సరంగు దగ్గర్నుంచి వంటవాడి దాకా అందరూ యూనిఫారంలో ఉంటారు. యజమాని ఏడాదికి మహా అయితే కొన్ని వారాలు ఎక్కుతాడు. జీతాలు మాత్రం పన్నెండు నెలలూ ఇవ్వాలి. 1929లో షేర్ మార్కెట్ కూలింది చూడండి, అప్పట్నుంచి ఇవన్నీ ఒడ్డుకి కట్టేసిన ఏనుగులయ్యాయి. మేపలేరు, అమ్ముదామంటే కొనేవాడు లేడు.

ఇక కెనడా. 1939 సెప్టెంబరు 10న జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ప్రకటించేనాటికి దాని నౌకాదళంలో ఎన్ని డిస్ట్రాయర్లు, అంటే వేగంగా పోయే యుద్ధనౌకలు, ఉన్నాయో చెప్పండి. ఎవరైనా. ఇరవయ్యా? ఆరు. ఆరంటే ఆరు. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క పసిఫిక్, రెండింటికీ కలిపి. కొత్తగా కార్వెట్లని చిన్న యుద్ధనౌకలు ఆర్డరిచ్చారు గానీ, షిప్‌యార్డులో ఓడ ఎప్పటికి తయారవుతుందో ఈ ఊళ్ళో ఉన్న మీకు నేను చెప్పాలా? అవి పూర్తయి సముద్రంలోకి వచ్చేసరికి 1940 ఆఖరు అవుతుంది. ఈలోగా అట్లాంటిక్ వైపున్న హాలిఫాక్స్ రేవు బయట కాపలా ఎవరు కాయాలి?

పక్కనే అమెరికా. అక్కడ రేవుల్లో ఖాళీగా పడున్న షికారు ఓడలు కావలసినన్ని. కొనుక్కోవచ్చు కదా? కుదరదు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. యుద్ధం చేస్తున్న దేశపు నౌకాదళానికి ఓడలు అమ్మడానికి వాళ్ళ తటస్థ చట్టం ఒప్పుకోదు. కెనడా నౌకాదళం వెళ్ళి బేరమాడితే అది చట్టవిరుద్ధం. మరి ఏం చేశారు?

బినామీ పెట్టారు. నవ్వకండి, నిజం. బినామీ అంటే ఏమిటో మనవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. కెనడాలో సరదాకి యాట్లు నడిపే పెద్దమనుషులు కొందరుంటారు కదా, నౌకాదళం వాళ్ళని రహస్యంగా పిలిచింది. ముందు, యుద్ధ అవసరమని చెప్పి వాళ్ళ సొంత యాట్లని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అవి ఎందుకూ పనికొచ్చే రకం కాదని అందరికీ తెలుసు. అయినా తీసుకుంది. ఎందుకు? ఇప్పుడు ఈ పెద్దమనిషికి యాట్ లేదు కదా! పాపం, షికారుకి ఇంకోటి కావాలి కదా! అమెరికా వెళ్ళి, బ్రోకర్ని పట్టుకుని, తన సొంత డబ్బుతో తన సరదా కోసం కొంటున్నట్టు కొన్నాడు. ఓడ కెనడా చేరింది. చేరగానే ప్రభుత్వం దాన్ని కూడా స్వాధీనం చేసుకుంది. ఎంత దురదృష్టమండీ ఆ పెద్దమనిషిది! అలా 1940లో 14 యాట్లు వచ్చాయి.

ఆ అమ్మినవాళ్ళకి అనుమానం రాలేదా అని మాస్టారు అడుగుతున్నారు. యుద్ధం జరుగుతుంటే, కెనడా నుంచి వరసపెట్టి మనుషులొచ్చి రెండు వందల అడుగుల ఓడలు షికారుకని కొంటుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? వచ్చే ఉంటుంది. మేపలేని ఏనుగుని ఎవరో తోలుకుపోతుంటే ఎక్కడికని ఎవడడుగుతాడు చెప్పండి?

వచ్చినవాటిలో ముసలివి చాలా ఉన్నాయి. ఆజ్‌టెక్ అని ఒకటి, 1902లో కట్టినది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం దాన్ని కాపలా ఓడగా వాడుకుంది. తర్వాత ఏళ్ళ తరబడి ఊరికే పడుంది. అదిప్పుడు రెండో యుద్ధంలో ఇంకో దేశానికి కాపలా కాయడానికొచ్చింది. రిటైరైన తాతని మళ్ళీ డ్యూటీకి పిలిచినట్టు. ఇంకొకటి, గ్రిజ్లీ అని పేరు పెట్టినది, పరిస్థితి ఎంత అధ్వానంగా ఉందంటే దాన్ని ఒక రేవు ముందు కాపలాకి పరిమితం చేశారు. లింక్స్ అనేదాని ఇంజన్లు సముద్రంలో కంటే రిపేర్లలో ఎక్కువ కాలం ఉన్నాయి. నా జాతి మనుషులు, ఇంజన్ రూమ్ వాళ్ళు, ఆ ఓడ మీద ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఉంటారో నేను ఊహించగలను.

పేర్లు చెప్పాను కదా. గ్రిజ్లీ, లింక్స్. అన్నిటికీ జంతువుల పేర్లు పెట్టారు. బీవర్, కారిబూ, కూగర్, ఎల్క్, హస్కీ, మూస్, ఆటర్, రాకూన్, రెయిన్‌డీర్, వుల్ఫ్. రెండింటికి ఫ్రెంచి పేర్లు: రెనార్ అంటే నక్క, విజాన్ అంటే మింక్, ముంగిసలా ఉంటుంది. ఇందాక చెప్పిన ముసలి ఆజ్‌టెక్ ఉంది చూశారూ, అదే బీవర్ అయింది. ఆటర్ మనకీ ఉంది, నీటికుక్క అంటాం, కోరింగ మడ అడవుల్లో కనిపిస్తుంది. రాకూన్‌కి తెలుగు మాట లేదు, ఆ జంతువు మన దగ్గర లేదు గనక. పిల్లికన్నా కొంచెం పెద్దది, కళ్ళ చుట్టూ నల్ల గంతలు కట్టినట్టుంటుంది, రాత్రిళ్ళు తిరిగి చెత్తకుండీలు వెతుక్కుంటుంది. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి. ఆటర్, రాకూన్.

ఇప్పుడు నా సబ్జెక్టు. షికారు ఓడని కాపలా ఓడగా మార్చడం అంటే ఏం చేస్తారు? లోపలి సోకులన్నీ పీకేస్తారు. తివాచీలు, అద్దాలు, సోఫాలు పోతాయి. పదిమంది అతిథులు పడుకునే చోట ముప్ఫై, నలభై మంది మనుషులు ఇరుక్కోవాలి. ముందు డెక్ మీద ఫిరంగి బిగించాలి. ఫిరంగి అంటే ఊరికే నట్లు బిగిస్తే సరిపోదు. పేల్చినప్పుడు వెనక్కి తంతుంది, ఆ తన్ను డెక్ రేకు తట్టుకోదు, కింద నుంచి దూలాలు పెట్టి బలం చెయ్యాలి. అంటే ముందు బరువు పెరిగింది. వెనక డెప్త్ ఛార్జీలు పెట్టాలి. డెప్త్ ఛార్జీ అంటే డ్రమ్ములా ఉంటుంది. ఒక్కొక్కటి 190 కిలోల పైమాట. ఎంత లోతులో పేలాలో ముందే సెట్ చేసి వెనక నుంచి దొర్లించేస్తే, ఆ లోతుకి దిగాక నీటి ఒత్తిడికి అదే పేలుతుంది. అంటే వెనకా బరువు పెరిగింది. నీటి కింద శబ్దం పంపి సబ్‌మెరీన్‌ని పసిగట్టే ఆస్డిక్ పెట్టాలి, వైర్‌లెస్ పెట్టాలి, మనుషుల్ని నిలబెట్టాలి. ఇవన్నీ పైన పెడుతున్నాం. ఓడకి బరువు కింద ఉండాలి. పైన పెరిగితే ఏమవుతుంది? బిందె మీద బిందె పెట్టుకుని నడిచే మనిషిలా అవుతుంది.

ఇంకో సంగతి. డెప్త్ ఛార్జీ వేశాక ఓడ అక్కడుండకూడదు. వేగంగా ముందుకి వెళ్ళిపోవాలి, లేదా తన వెనకభాగం తనే లేపేసుకుంటుంది. ఈ షికారు ఓడల్లో చాలావాటి వేగం పది, పన్నెండు నాట్లు. నాట్ అంటే ఓడ వేగానికి కొలత. వాటిని వేటాడమన్న జర్మన్ సబ్‌మెరీన్, పెద్ద రకం, నీటి పైన 18 నాట్లు పోతుంది. మీరే చెప్పండి. వేటగాడి సైకిల్ కంటే పులి వేగంగా పరిగెడుతోంది. ఇదేం వేట?

ఇక్కడే చాలామంది నవ్వేసి వదిలేస్తారు. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఈ లెక్కకి ఇంకో వైపు ఉంది. సబ్‌మెరీన్‌కి ఆ 18 నాట్ల వేగం నీటి పైన ఉన్నప్పుడే. కిందకి మునిగితే బ్యాటరీ మీద నడవాలి. గట్టిగా తోలితే ఏడు నాట్లు, అదీ కాసేపే. బ్యాటరీ దాచుకుంటూ పోతే మూడు, నాలుగు నాట్లు. అంటే మునిగిన సబ్‌మెరీన్ కన్నా మన గోదావరి లాంచీ నయం. కాబట్టి దాన్ని ముంచెయ్యక్కర్లేదు. మునిగేలా చేస్తే చాలు. దూరంగా ఫిరంగి ఉన్న ఓడ ఏదో కనిపించింది, అది యాటో యుద్ధనౌకో చీకట్లో ఏం తెలుస్తుంది, ఎందుకొచ్చిన గొడవని కిందకి దిగిపోతే, ఆ రాత్రికి ఆ దారిన పోయే సరుకు ఓడలు బతికినట్టే.

పొలంలో దిష్టిబొమ్మ ఏం చేస్తుందండీ? పిట్టని కొడుతుందా? కొట్టదు. నిలబడుతుంది. పాత చొక్కా తొడుక్కుని, తలకి కుండ బోర్లించుకుని అలా నిలబడుతుంది. ఈ 14 ఓడలూ అదే పని చేశాయి. అట్లాంటిక్ వైపు రేవుల ముందు, పసిఫిక్ వైపు కూడా కొన్ని, రాత్రీ పగలూ అటూ ఇటూ తిరుగుతూ కనపడ్డాయి. ఒకటే తేడా. పొలంలో బొమ్మ లోపల గడ్డి ఉంటుంది. వీటి లోపల మనుషులున్నారు.

ముందు సముద్రమే వాళ్ళని కొట్టింది. ఉత్తర అట్లాంటిక్ చలికాలం మీరు చూసి ఉండరు. నేను రెండు సీజన్లు చూశాను. అల కొట్టి పైకి లేచిన తుంపర రెయిలింగు మీద పడగానే గడ్డకడుతుంది. తాడు మీద పడితే తాడు తొడంత లావవుతుంది. ఇందాక చెప్పాను కదా పై బరువు గురించి, ఇప్పుడు ఆ బరువు మీద టన్నుల కొద్దీ మంచు పేరుకుంటుంది. చేతికేది దొరికితే దాంతో, గొడ్డళ్ళతో, చెక్క సుత్తులతో ఆ మంచుని కొట్టి సముద్రంలోకి తోస్తూ ఉండాలి. ఆపితే ఓడ ఒరుగుతుంది. మా ఓడ వాటికి నాలుగైదు రెట్లు పెద్దది, అందులోనే మాకు చెమటలు పట్టాయి, ఆ చలిలో. వేసవి షికారుకని కట్టిన ఓడలో ఎలా ఉండుంటుందో!

ఆటర్ కథ చెప్తాను. 1941 మార్చి 26. హాలిఫాక్స్ బయట, సాంబ్రో లైట్‌షిప్ దగ్గర, అంటే లైట్‌హౌస్‌లా దారి చూపే ఓడ దగ్గర, కాపలాలో ఉంది. సముద్రం బాగా రేగి ఉంది. ఇంజన్ రూమ్‌లో మంటలు లేచాయి. ఓడలో నిప్పు కన్నా భయంకరమైనది ఇంకోటి లేదు. చుట్టూ అన్ని నీళ్ళుండీ మనిషి కాలి చస్తాడు. దిగిపోక తప్పలేదు. లైఫ్‌బోట్లు దింపారు. ఆ అలల్లో, ఆ చలిలో. 19 మంది చనిపోయారు. మిగిలినవాళ్ళని ఎవరు కాపాడారో తెలుసా? విస్లా అనే పోలండ్ సరుకు ఓడ ఒకటి. రెండోది బ్రిటిష్ సబ్‌మెరీన్, టాలిస్మన్. సబ్‌మెరీన్‌ని వేటాడ్డానికి వచ్చిన ఓడ మనుషుల్ని సబ్‌మెరీన్ పైకి లాక్కుంది. జర్మనీ వాడు ఒక్క గుండు పేల్చలేదు. నౌకాదళంలో చేరి ఆ ఓడకి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఇక 1942కి వద్దాం. ఆ ఏడాది మన ఊరికీ గుర్తుంది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. మీ ఇళ్ళల్లో తాతలు, బామ్మలు చెప్పే ఉంటారు. యుద్ధం ఎక్కడో జరుగుతోంది అనుకుంటుంటే మన గుమ్మంలోకి వచ్చేసింది. దాదాపు ఐదు వారాల తర్వాత, మే 12న, కెనడావాళ్ళకీ అదే అనుభవం. సెయింట్ లారెన్స్ అని వాళ్ళకొక మహానది ఉంది. మాంట్రియల్, క్విబెక్ దాన్నానుకునే ఉంటాయి. దాని ముఖద్వారం ఎంత వెడల్పంటే అవతలి ఒడ్డు కంటికి ఆనదు. ఆ రోజు ఒక జర్మన్ సబ్‌మెరీన్ అందులోకి దూరి నికోయా, లీటో అని రెండు ఓడల్ని ముంచేసింది. బతికినవాళ్ళు ఒడ్డున ఉన్న పల్లెల్లోకి చేరుకున్నారు. అప్పటిదాకా పేపర్లో చదివిన యుద్ధం ఆ జాలర్ల ఇళ్ళ ముందుకొచ్చింది.

నదిలోకి వస్తే పట్టుకోవడం తేలిక కదా అనుకుంటాం. తిరగబడింది. ఎందుకో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్తే టక్కున అర్థమవుతుంది. అంతర్వేది దగ్గర ఏమవుతుంది? పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు కింద నుంచి లోపలికి చొరబడుతుంది, మంచినీరు తేలిక కాబట్టి పైన పారుతుంది. సెయింట్ లారెన్స్‌లోనూ అంతే. పైన ఒక పొర, కింద ఒక పొర. ఉప్పు వేరు, చలి వేరు. ఎండాకాలం తారు రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనిపిస్తుంది కదా, వేడిగాలి పొరల్లో వెలుగు వంగడం వల్ల. నీటి పొరల్లో శబ్దం కూడా అలాగే వంగిపోతుంది. పైనున్న ఓడ ఆస్డిక్‌తో శబ్దం పంపితే, అది పొర దగ్గర పక్కకి తిరిగిపోతుంది. కింద సబ్‌మెరీన్ దుప్పటి కప్పుకున్నట్టు పడుకుంటుంది. మామూలు యుద్ధనౌకలకే అక్కడ చెవుడు వచ్చేది. ఇక షికారు ఓడల మాట చెప్పాలా?

రాకూన్. అసలు పేరు హలోనియా. 1931లో అమెరికాలో బాత్ ఐరన్ వర్క్స్ అనే పేరున్న యార్డు కట్టింది. పొడవు 148 అడుగులు. 1942 సెప్టెంబరులో అది ఒక కాన్వాయ్‌కి, అంటే గుంపుగా కలిసి వెళ్ళే సరుకు ఓడలకి, తోడుగా వెళ్తోంది. కాన్వాయ్ పేరు క్యూఎస్ 33. క్యూ అంటే క్విబెక్, ఎస్ అంటే సిడ్నీ. ఆస్ట్రేలియా సిడ్నీ కాదు, నోవా స్కోషియాలో ఇంకో సిడ్నీ ఉంది. ఎనిమిది సరుకు ఓడలు. వాటికి కాపలాగా యారోహెడ్ అనే కార్వెట్, ట్రూరో అనే మైన్‌స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు ఏరేసే ఓడ), రెండు చిన్న మోటార్ లాంచీలు, మన రాకూన్.

సెప్టెంబరు 6 రాత్రి. కాప్ షా అనే చోటు దగ్గర యూ-165 అనే సబ్‌మెరీన్ ఏయాస్ అనే గ్రీకు ఓడని కొట్టింది. ఓడ మునిగింది. కాపలా ఓడలు చీకట్లో వెతికాయి. దొరకలేదు. కాన్వాయ్ ముందుకి సాగింది. అర్ధరాత్రి దాటింది. రెండు గంటల ప్రాంతంలో రెండు పేలుళ్ళు వినిపించాయి. మిగిలిన ఓడల్లో ఏమనుకున్నారంటే, రాకూన్‌కి ఏదో తగిలినట్టుంది, డెప్త్ ఛార్జీలు వేస్తోంది అనుకున్నారు.

ఆ ఊహ వదిలిపెట్టదండీ నన్ను. పక్క ఓడ బ్రిడ్జి మీద, ఓడ నడిపే చోట, వాచ్‌లో అంటే కాపలా డ్యూటీలో ఉన్న కుర్రాడు ఆ చప్పుడు విని, బాగా చేస్తున్నాడే అనుకుని ఉంటాడు. ఆ రెండు పేలుళ్ళతో 37 మంది పోయారు. ఒక్కరు మిగల్లేదు. సాయం కోసం ఒక్క మాట కూడా రాలేదు. తెల్లారాక పిలిచారు, జవాబు లేదు. వైర్‌లెస్ పాడై ఉంటుందనుకోవచ్చు, వెనకబడి ఉంటుందనుకోవచ్చు. ఎంతసేపు అనుకుంటారు? రాకూన్ పోయిందని ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు. పలక్కపోవడం వల్ల తెలిసింది.

తర్వాత కొన్ని వారాలకి ఆంటికోస్టీ అనే దీవి ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది. రాకూన్‌లో పనిచేసిన ఒక యువ అధికారిది. మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీ హాకీ జట్టులో పేరున్న ఆటగాడు. మన హాకీ కాదు, మంచు మీద ఆడే హాకీ. ఆ దేశంలో అదంటే మనకి క్రికెట్ ఎంతో అంత. 37 మందిలో సముద్రం తిరిగిచ్చింది అతన్నే.

ఆ కాన్వాయ్ కష్టం అంతటితో తీరలేదు. అదే రోజు, 7వ తేదీ, యూ-517 అనే ఇంకో సబ్‌మెరీన్ నిమిషాల తేడాలో మూడు సరుకు ఓడల్ని ముంచింది. రెండు రోజులకి, సెప్టెంబరు 9న, కెనడా ప్రభుత్వం సెయింట్ లారెన్స్‌ని సముద్రపు ఓడలకి మూసేసింది. ఒక దేశం తన సొంత మహానదిని తనే మూసుకుంది.

మరి రాకూన్‌ని ముంచిన యూ-165 ఏమైంది? ఫ్రాన్స్‌లో లోరియాన్ రేవుకి తిరిగి వెళ్తూ సెప్టెంబరు 27న మునిగిపోయింది. అందులోనూ ఒక్కరు మిగల్లేదు. మధ్యలో ఎన్ని రోజులు? ఇరవై. రెండో సబ్‌మెరీన్ యూ-517ని నవంబరులో బ్రిటిష్ విమానాలు ముంచాయి. దాని కెప్టెన్ హార్ట్‌విగ్ బతికి పట్టుబడ్డాడు. యుద్ధం అయ్యాక పశ్చిమ జర్మనీ నౌకాదళంలో చేరి వైస్ అడ్మిరల్ దాకా ఎదిగాడు. ఎవరి నుదుట ఏం రాసుందో చూడండి.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి, చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. షికారు ఓడకి ఫిరంగి కట్టి పంపడం తప్పా? 1940లో తప్పు కాదు. ఇంట్లో దొంగలు పడతారని తెలిసి, తుపాకీ వచ్చే నెల వస్తుందని తెలిస్తే, ఈలోగా మనం ఏం చేస్తాం? రోకలిబండ పట్టుకుని కూర్చుంటాం. వచ్చే నెల దాకా కళ్ళు మూసుకోం కదా. 1942 సెప్టెంబరు సంగతి వేరు. అప్పటికి కెనడా దగ్గర కార్వెట్లు బోలెడున్నాయి. కానీ అవి అట్లాంటిక్ మధ్యలో ఇంగ్లండ్ కాన్వాయ్‌లకి కావాలి. అదే నెలల్లో ఉత్తర ఆఫ్రికా దాడికని 17 కార్వెట్లు మిత్రదేశాలకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దుప్పటి చిన్నది. తల కప్పితే కాళ్ళు బయట. ఆ బయటపడ్డ కాళ్ళ దగ్గర నిలబెట్టారు రాకూన్‌ని. రేవు ముందు నిలబడ్డానికి తెచ్చిన దిష్టిబొమ్మని కాన్వాయ్ పక్కన నడవమన్నారు. నాకైతే అది మింగుడుపడదు.

కానీ ఒక్కమాట. యాట్ కాబట్టే పోయింది, యుద్ధనౌకైతే బతికేది అని తేల్చేయకండి. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత తెలిసింది, నాలుగు రోజులకి, సెప్టెంబరు 11న, షార్లట్‌టౌన్ అనే కార్వెట్, అసలు సిసలు యుద్ధనౌక, అదే నీళ్ళలో మునిగింది. ముంచింది ఇందాకటి హార్ట్‌విగే. కాబట్టి నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు పూర్తిగా తెలీదు.

మిగిలిన ఓడలేమయ్యాయని అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. కొత్త ఓడలొచ్చినకొద్దీ వీటిని వెనక్కి లాగారు. కొన్నింట్లో కొత్త కుర్రాళ్ళకి పని నేర్పారు. యుద్ధం అయ్యాక తెగనమ్మారు. వుల్ఫ్ అని చెప్పాను కదా, దాన్ని పసిఫిక్ తీరంలో ప్రయాణికుల ఓడగా మార్చి గల్ఫ్ స్ట్రీమ్ అని పేరు పెట్టారు. 1947 అక్టోబరులో ఒక రాత్రి బండరాయికి కొట్టుకుంది, ఐదుగురు పోయారు. యుద్ధమంతా తప్పించుకుని శాంతికాలంలో పోయింది. ఎల్క్ అదృష్టం బాగుంది. 1946 నుంచి గ్రాండ్ మనాన్ అనే దీవికి ఫెర్రీ అయింది. కోటీశ్వరుల విందులు చూసింది, డెప్త్ ఛార్జీలు మోసింది, చివరికి మన రేవు పంటులాగా జనాన్ని అటూ ఇటూ చేరవేసింది. నాకు వాటన్నిట్లో ఎల్క్ అంటే ఇష్టం.

నేను సర్వీసులో ఉండగా ఒకసారి మా ఓడ హాలిఫాక్స్‌లో ఆగింది. పాయింట్ ప్లెజంట్ అని ఊరి చివర ఒక పార్కు ఉంది. దాని కొసన, సముద్రంలోంచి వచ్చే ఓడలకి కనపడేలా, పెద్ద రాతి శిలువ నిలబెట్టారు. సముద్రంలో పోయి సమాధి లేనివాళ్ళ పేర్లు కింద కంచు పలకల మీద పోతపోశారు. మూడు వేల పైన ఉంటాయి. ఆటర్, రాకూన్ మనుషుల కోసమే వెళ్ళాను. 1942 పలక దగ్గర నిలబడి వెతికాను. హోదా ఉంది, పేరు ఉంది. నేను చూసినంతలో ఏ ఓడో రాయలేదు. స్టోకర్ అని ఉంది, కుక్ అని ఉంది, టెలిగ్రాఫిస్ట్ అని ఉంది. ఎవరు రాకూనో, ఎవరు షార్లట్‌టౌనో నాకెలా తెలుస్తుంది? స్టోకర్లని మాత్రం వేలితో పట్టుకుని వరసగా చదివాను, నా డిపార్ట్‌మెంటు కాబట్టి. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. సగం పలక దాకా వచ్చేసరికి టైం చూసుకుంటే మూడున్నర. నాలుగింటికి నాకు వాచ్ ఉంది. వచ్చేశాను.